డేవిస్ కొండల మీద చుక్కల కొలువు

డాలస్ నుంచి ఐ-20 రహదారి మీద పడమరకు సాగిపోతే, ఫోర్ట్‌వర్త్ దాటిన కాసేపటికే పచ్చదనం పలచబడుతుంది. స్వీట్‌వాటర్ దగ్గర గుట్టల మీద గాలిమరలు బారులు తీరి ఉంటాయి. బిగ్ స్ప్రింగ్ దాటాక చెట్టన్నది అరుదు. మిడ్‌లాండ్, ఒడెస్సా ఊళ్ళ చుట్టూ ఎటు చూసినా చమురు తోడే పంపులు తలలాడిస్తూ కనిపిస్తాయి. పెర్మియన్ బేసిన్ అంటారు ఈ ప్రాంతాన్ని. అమెరికాలో ఇంతకంటే ఎక్కువ చమురు పుట్టే చోటు లేదు. చమురుతో పాటు పైకి వచ్చే గ్యాసును పొడవాటి గొట్టాల చివర మండిస్తారు. పట్టపగలు కూడా ఆ మంటలు కారులోంచి కనిపించాయి. ఇంత మంటా ఇంత వెలుగూ ఉన్న నేలకు రెండు గంటల దారిలోనే, అమెరికాలో అతి చిక్కని చీకటి రాత్రులున్న కొండలు ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. మేము బయలుదేరింది ఆ చీకటి కోసమే.

ఉగాది మరునాడు తెల్లవారుజామునే ఇల్లు కదిలాం. మా అమ్మాయి, అల్లుడు, పదేళ్ళ మనవరాలు, ఆరేళ్ళ మనవడు, నేను. పిల్లలకు బడి సెలవులు. ఉగాది వచ్చేది అమావాస్య వెళ్ళిన పాడ్యమి నాడు కాబట్టి ఆ మొదటి కొద్ది రోజులూ చంద్రుడి వెలుగు పెద్దగా అడ్డు రాదు. చుక్కలు చూడదలచినవాళ్ళకు అంతకన్నా అనువైన సమయం ఉండదు. టెక్సస్ విశ్వవిద్యాలయం వారి మెక్‌డొనాల్డ్ వేధశాలలో వారానికి కొన్ని సాయంత్రాలు ‘స్టార్ పార్టీ’ జరుగుతుంది. ఎవరైనా రావచ్చు, చంటిపిల్లల్ని కూడా తీసుకురావచ్చు. సెలవుల్లో టిక్కెట్లు త్వరగా అయిపోతాయని మా అల్లుడు చాలా ముందే కొనిపెట్టాడు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్ళు ఎవరైనా వెళ్ళదలిస్తే ఇది గుర్తుంచుకోవాలి.

పేకోస్ దగ్గర పెద్ద రహదారి వదిలి దక్షిణానికి తిరిగాం. బాల్మోరియాలో భూమిలోంచి ఊరే నీటి ఊటతో నిండిన పెద్ద కొలను ఉంది. పిల్లలు కాసేపు అందులో కాళ్ళాడించారు. ఉగాదికి చేసిన పులిహోర, మిగిలిన బొబ్బట్లు అక్కడే చెట్టు కింద తిన్నాం. ఆ తరువాత లింపియా లోయ వెంట ఎర్రరాతి గుట్టల మధ్యన ఎక్కుతూ పోతే ఫోర్ట్ డేవిస్. 1854లో కట్టిన సైనిక కోట చుట్టూ పెరిగిన చిన్న ఊరు. అక్కడి నుంచి వేధశాలకు ఇంకో పదహారు మైళ్ళు. లాక్ కొండ మీదికి ఎక్కే ఆ చివరి రోడ్డు టెక్సస్ రహదారులన్నిటిలోకీ ఎత్తయినది. సముద్రమట్టానికి 6,790 అడుగులు. కొండ కొసన తెల్లటి గుండ్రని గోపురాలు దూరం నుంచే కనిపిస్తుంటే మనవడు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఈ వేధశాల పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. టెక్సస్ ఈశాన్య మూల పారిస్ అనే ఊళ్ళో విలియం జాన్సన్ మెక్‌డొనాల్డ్ అనే బ్యాంకరు ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. సైన్సు పుస్తకాలంటే ఇష్టం. 1926లో ఆయన పోయాక వీలునామా తెరిచి చూస్తే, పది లక్షల డాలర్లకు పైబడిన ఆస్తిలో అధికభాగం టెక్సస్ విశ్వవిద్యాలయానికి రాసి ఉంది, ఖగోళ వేధశాల కట్టాలన్న షరతుతో. ఆ విశ్వవిద్యాలయంలో అప్పటికి ఖగోళశాస్త్ర విభాగమే లేదు. బంధువులు కోర్టుకెక్కారు. నక్షత్రాలు చూడడానికి ఇంత ఆస్తి రాసినవాడికి మతి స్థిమితంగా ఉందా అని వాదించారు. ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచి చివరికి రాజీ కుదిరింది. సుమారు ఎనిమిది లక్షల డాలర్లు విశ్వవిద్యాలయం చేతికి వచ్చాయి. టెక్సస్‌ దగ్గర డబ్బుంది, శాస్త్రవేత్తలు లేరు. షికాగో విశ్వవిద్యాలయం దగ్గర శాస్త్రవేత్తలున్నారు, ఇంత మంచి ఆకాశం లేదు. 1932లో రెండూ చేతులు కలిపాయి. రష్యా నుంచి వలస వచ్చిన ఆటో స్ట్రూవే మొదటి డైరెక్టరు అయ్యాడు. ఆయన ముత్తాత నుంచీ అందరూ ఖగోళ శాస్త్రవేత్తలే. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ను షికాగో విశ్వవిద్యాలయానికి రప్పించినదీ ఈ స్ట్రూవేనే.

1939 మే 5న ఇక్కడ 82 అంగుళాల టెలిస్కోపు ప్రారంభమైంది. ఆనాటికి అది ప్రపంచంలో రెండో పెద్దది. జెరార్డ్ కైపర్ దానితోనే శనిగ్రహపు చందమామ టైటన్‌కు వాతావరణం ఉందని కనిపెట్టాడు. 1948లో యురేనస్ చుట్టూ తిరిగే మిరాండానూ, మరుసటి ఏడు నెప్ట్యూన్ చుట్టూ తిరిగే నెరీడ్‌నూ పట్టుకున్నాడు. పెళ్ళీ పిల్లలూ లేని ఒక బ్యాంకరు తన ఊరికి ఏమాత్రం పనికిరానిదనిపించే ఒక కోరికతో ఇంత పని జరిపించాడు. వీలునామాల్లో ఇంత అందమైనది ఇంకొకటి ఉంటుందనుకోను.

ఫోర్ట్ డేవిస్ తన కాలమండలానికి బాగా పడమటి అంచున ఉంది. అందువల్ల మార్చిలో అక్కడ సూర్యాస్తమయమే ఎనిమిది గంటలకు. తొమ్మిదిన్నర దాకా చీకటి పడదు. సందర్శకుల కేంద్రం వెనక మెట్లు మెట్లుగా కట్టిన ఆరుబయలు కొలువులో రాతి బల్లల మీద కూర్చున్నాం. గాలి చలిగా వీస్తోంది. ఉన్ని టోపీలు, దుప్పట్లు తెచ్చుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు. చుట్టూ రకరకాల కుటుంబాలు. స్పానిష్ మాట్లాడుకుంటున్న ఒక పెద్ద కుటుంబం, స్కౌట్ దుస్తుల్లో ఒక పిల్లల గుంపు, చక్రాల కుర్చీలో ఒక ముసలాయన. మా వెనక వరుసలోంచి తెలుగు కూడా వినబడింది. విజయవాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన దంపతులు.

పడమటి కొండ అంచున శుక్రుడు, కాస్త పైన సన్నటి నెలవంక. నెలవంకలో చీకటిగా ఉండాల్సిన భాగం కూడా బూడిదరంగులో లీలగా కనిపిస్తోంది. భూమి మీద పడిన ఎండ చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ తగిలి మళ్ళీ మన కంటికి చేరడం వల్ల అది కనిపిస్తుందని మనవరాలికి చెప్పాను. ఉద్యోగ జీవితమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సైన్సు చెప్పినదాన్ని. ఎనిమిదో తరగతి పుస్తకంలోని నక్షత్రాల పాఠాన్ని నల్లబల్ల మీద సుద్దచుక్కలు పెట్టి నేర్పాను. ఆ చుక్కలకు అసలు చుక్కలను జోడించి పిల్లలకు చూపించే అవకాశం బడివేళల్లో ఎప్పుడూ రాలేదు.

మసక వెలుగులో ఎదురుచూస్తుంటే నాకు 1980 ఫిబ్రవరి 16 గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం మా నల్లగొండ జిల్లా మీదుగా వెళ్ళింది. దేశవిదేశాల శాస్త్రవేత్తలు దాన్ని చూడడానికి హైదరాబాదు దగ్గర జాపాల్–రంగాపూర్ వేధశాలకు చేరుకున్నారు. మా ఊళ్ళో మాత్రం తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కప్పి, ఆడపిల్లల్ని లోపలి గదిలో కూర్చోబెట్టారు. వీధుల్లో మనిషి లేడు. మా ఇంటి పైన సూర్యుడు పూర్తిగా కప్పబడిపోయాడు. పట్టపగలు చుక్కలు కనిపించాయట. ఒక మనిషి జీవితంలో ఒక్కసారైనా తన ఊరి మీదుగా అలాంటిది జరగడం అరుదైన సంగతి. నేను దాన్ని చూడలేదు. మా పెద్దలు మమ్మల్ని కాపాడుదామనే అలా చేశారు. కానీ ఆ రోజు పక్కింటి పెరట్లోనైనా ఒక టీచరు నిలబడి ‘రండి, ఇలా చూడండి, భయం లేదు’ అని చేయి పట్టుకుని చూపించి ఉంటే ఎంత బాగుండేదని ఈ రోజుకీ అనిపిస్తుంది. పిల్లలకు ఆకాశం చూపించే కార్యక్రమం ఎక్కడ జరిగినా నాకు అంత ఆరాటం అందుకే.

చీకటి పడగానే ఒక యువతి ముందుకు వచ్చి నిలబడింది. మొదటి మాట ఫోన్ల గురించి: లోపల పెట్టేయండి, దీపం కావలసినవాళ్ళు ఎర్ర దీపమే వాడండి. మన కంటిలో మసక వెలుగును పట్టే కణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోను తెర వెలిగితే అంతా మొదటికొస్తుంది. ఆ కణాలకు ఎరుపు అంతగా అందదు కాబట్టి ఎర్ర దీపం ఉన్నా చూపు చెడదు. ఈ కారణం ఆమె పిల్లలకే చెప్పింది, పెద్దలకు కాదు. దాంతో పిల్లలే కాపలాదారులయ్యారు. మా ముందు వరుసలో ఒకాయన ఫోను తీయబోతే ఆయన కూతురే వారించింది.

ఆ యువతి చేతిలోని ఆకుపచ్చ లేజరు కిరణం నేరుగా చుక్కదాకా చేరినట్టే కనిపిస్తుంది. ముందు ఉత్తరాన ధ్రువుణ్ణి చూపించింది. ఈశాన్యంలో సప్తర్షులు నిలువుగా పైకి లేస్తున్నారు. వసిష్ఠుడి పక్కన అరుంధతి ఏ తడబాటూ లేకుండా కనిపించింది. పెళ్ళిలో పట్టపగలు చూపించే అరుంధతిని నిజంగా చూడడం మా అల్లుడికి అదే మొదటిసారి. ఆ యువతి గ్రీకుల కథలు చెబుతుంటే నేను పిల్లల చెవిలో మన పేర్లు చెబుతూ పోయాను. పడమట కృత్తికలు. మా ఊళ్ళో పిల్లలకోడి అనేవాళ్ళం. దాని పైన ఎర్రటి రోహిణి. నైరుతి వైపు గ్రీకుల కథలోని వేటగాడి నడుములో మూడు చుక్కలు వరుసగా ఉంటే అది గొల్ల కావడి. అతని భుజం మీద ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. నడినెత్తిన పునర్వసు జంట. తూర్పున సింహం గుండె దగ్గర మఖ. తూర్పు కొండ మీద అప్పుడే తల ఎత్తుతున్న స్వాతి. దక్షిణాన మాత్రం నేను వెతికి వెతికి పట్టుకున్న చుక్క ఒకటుంది, అగస్త్యుడు. తెలంగాణలో ఆయన దక్షిణాన బాగా పైకే వస్తాడు. ఇక్కడ కొండ అంచుకు ఆనుకునే దాటిపోతాడు. ఉత్తరానికి ఎంత దూరం వచ్చామో ఆ ఒక్క చుక్కే చెప్పింది.

పునర్వసు జంట దగ్గరే పెద్ద కాంతితో, మినుకుమనకుండా ఒకటి వెలుగుతోంది. మనవరాలు అది విమానమనుకుంది. ముందురోజు సాయంత్రం డాలస్ గుళ్ళో పంతులుగారు పంచాంగం చదువుతూ గురుడు మిథునంలో ఉన్నాడని చెప్పింది తను వింది. "అమ్మలూ, అదే మిథునం, వాడే గురుడు" అన్నాను. పిల్ల చాలాసేపు తల దించలేదు. "అంటే పంతులుగారు చెప్పింది నిజంగా పైన ఉందా?" అంది. ఉంది. పంచాంగంలో ఫలాల సంగతి నేను మాట్లాడను, అందులోని గణితం మాత్రం ఆకాశానిదే. ఏ పూట ఏ గ్రహం ఏ చుక్కల దగ్గర ఉంటుందో తరతరాలుగా లెక్క కట్టుకుంటూ వచ్చిన జాతి మనది. పేరు పెట్టాలన్నా, పెళ్ళి కుదరాలన్నా, గుళ్ళో అర్చన చేయించాలన్నా నక్షత్రం చెబుతాం. ఆ నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో అడిగితే మాత్రం నూటికి తొంభై మంది చెప్పలేరు. ఇది చదువులేనివాళ్ళ సంగతి కాదు. మా అమ్మాయిది ఆర్ద్ర. ఇంజనీరింగు చదివింది, ఆర్ద్రను ఆ రాత్రే చూసింది.

కథల తరువాత అందరం టెలిస్కోపుల దగ్గరికి కదిలాం. ఒక్కో టెలిస్కోపు దగ్గర ఒక్కొక్కరు నిలబడి చూపిస్తున్నారు. పొట్టివాళ్ళకు నిచ్చెన మెట్లు, కుర్చీలోంచి లేవలేనివాళ్ళు కూర్చునే చూడడానికి వీలైన అమరిక కూడా ఉంది. వరుస నెమ్మదిగా కదులుతుంది. ఎవరూ తొందరపెట్టరు. నాకు ఈ కార్యక్రమం మొత్తంలో బాగా నచ్చినది ఈ ఓపికే. ఒక్కో పిల్లవాడికీ కన్ను సరైన చోట పెట్టడం నేర్పి, "కనిపించిందా? ఏం కనిపించింది?" అని అడిగి, వాడు చెప్పిందాకా ఆగారు. కనిపించకుండానే కనిపించిందని చెప్పి దిగిపోతారు పిల్లలు. టీచర్లకు ఇది తెలుసు. ఏం కనిపించిందని అడగడంలోనే నేర్పంతా ఉంది.

గురుడి దగ్గర మేఘాల పట్టీలు రెండు, పక్కన వరుసగా చుక్కల్లాంటి చందమామలు. 1610లో గెలీలియో చూసినవి ఈ చందమామలే. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న నమ్మకం సడలడానికి కారణమైనవీ ఇవే. తరువాత వేటగాడి కత్తి దగ్గరి నీహారిక. అక్కడ మనవడు చిన్నబుచ్చుకున్నాడు. పుస్తకంలో గులాబీ, నీలం రంగుల్లో చూశాడు. ఇక్కడ బూడిదరంగు పొగలా ఉంది. టెలిస్కోపు దగ్గరి పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని వాడికి చెప్పాడు: కెమెరా చాలాసేపు వెలుగును పోగేసుకుంటుంది, కన్ను ఏ క్షణానికి ఆ క్షణమే చూస్తుంది, మసకలో కన్ను రంగులు పోల్చలేదు. "కానీ ఫోటో ఇంకొకరు తీసింది. ఈ వెలుగు పదమూడు వందల ఏళ్ళు ప్రయాణం చేసి నీ కంట్లో పడింది" అన్నాడు. వాడు మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని, మధ్యలో కనిపించే నాలుగు చిన్న చుక్కలూ వయసులో చాలా చిన్నవని రెండోసారి చూసినప్పుడు అడిగి తెలుసుకున్నాడు.

మనవరాలిది పుష్యమి. కర్కాటకంలో పుష్యమి ఉండే చోట ఉత్త కంటికి ఒక చిన్న మసక మచ్చ కనిపిస్తుంది. టెలిస్కోపులో ఆ మచ్చ విడిపోయి పదుల కొద్దీ నక్షత్రాలయింది. అది ఒక నక్షత్ర గుచ్ఛం, దాదాపు ఆరు వందల కాంతి సంవత్సరాల దూరం. తన నక్షత్రంలో ఇన్ని నక్షత్రాలున్నాయని ఆ పిల్ల ఫోనులో హైదరాబాదులోని నాయనమ్మకు చెప్పాలంది. ఫోను తీయకూడదని తనే గుర్తు చేసుకుని ఆగింది. చివర సప్తర్షుల దగ్గరి ఒక గెలాక్సీ, సిగారు ఆకారంలో సన్నటి గీత. కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాల అవతలిది. ఆ గీత చూసి నేను ఎక్కువసేపు మాట్లాడలేకపోయాను.

నెలవంక కూడా అస్తమించాక పడమట నేల నుంచి కృత్తికల దాకా వాలుగా ఒక లేత కాంతి స్తంభం నిలిచి ఉంది. ఏ ఊరి వెలుగో అనుకున్నాం. కాదు, సూర్యుడి చుట్టూ గ్రహాల దారిలో పరుచుకున్న సన్నటి ధూళి మీద ఎండ పడి కనిపించేది అది. వసంతకాలపు సాయంత్రాల్లో, అదీ నిజమైన చీకటి ఉన్న చోట్లనే కనిపిస్తుంది. నగరాల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఇలాంటిది ఒకటుందని కూడా వినరు. అసలైన ఊరి వెలుగు ఈశాన్యం వైపు ఉంది. మేము పగలు దాటి వచ్చిన చమురు క్షేత్రాల కాంతి, ఆకాశం అడుగున పరిచినట్టుగా.

మరుసటి రోజు పగటి పర్యటన. సూర్యుడి మచ్చలను తెర మీద చూపించారు. 107 అంగుళాల టెలిస్కోపు గోపురంలోకి తీసుకెళ్ళారు. 1968లో నాసా సాయంతో కట్టినది. అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల మీదికి ఇక్కడి నుంచి లేజరు పంపి, అది తిరిగి వచ్చే సమయాన్ని బట్టి చంద్రుడి దూరాన్ని ఏళ్ళ తరబడి కొలిచారు. 1970 ఫిబ్రవరిలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి మతి చలించి, పిస్తోలుతో ఈ టెలిస్కోపు అద్దాన్ని ఏడుసార్లు కాల్చాడు. అద్దం పగలలేదు. రంధ్రాలు పడ్డాయి. పోయిన వెలుగు నూటికి ఒక వంతు. ఆ అద్దంతోనే ఈనాటికీ పని జరుగుతోంది. పిల్లలకు ఈ కథే అన్నిటికంటే నచ్చింది. కొండ అవతలి హాబీ–ఎబర్లీ టెలిస్కోపు ఇంకా పెద్దది. 91 షట్కోణపు అద్దాలను పేర్చి ఒకే అద్దంగా చేశారు. కృష్ణశక్తి అనే అంతుపట్టని శక్తి జాడ తీయడానికి దూరపు గెలాక్సీల పటం గీసే పనికి దాన్ని వాడారు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది ఫోర్ట్ డేవిస్‌లోని వీధి దీపాలు. బస చేరుకునేటప్పుడు గమనించాను. ప్రతి దీపానికీ పైన మూత, వెలుగు నేల మీదికే. తెల్లటి కాంతి కాదు, లేత పసుపు. దారి చక్కగా కనిపిస్తుంది, కంటికి మాత్రం గుచ్చుకోదు. వేధశాల చుట్టూ ఏడు కౌంటీల్లో ఆరుబయటి దీపాలకు నిబంధనలున్నాయి. 2022లో ఈ ప్రాంతాన్నీ, సరిహద్దు అవతలి మెక్సికో రక్షిత ప్రాంతాల్నీ కలిపి పదిహేను వేల చదరపు మైళ్ళకు పైగా మేర అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ప్రపంచంలో అలా గుర్తింపు పొందిన వాటిలో ఇదే అతి పెద్దది. వేధశాల వాళ్ళు చమురు సంస్థల దగ్గరికి వెళ్ళి, బావుల దగ్గరి దీపాలను కిందికి తిప్పితే పనివాళ్ళకే బాగా కనిపిస్తుందని, కరెంటు కూడా ఆదా అవుతుందని ఒప్పిస్తున్నారు. పోట్లాటతో కాకుండా పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడి సాధిస్తున్న పని ఇది. ముందు రాత్రి మా పిల్లలు చూసిన గెలాక్సీ వెనక అంత పెద్ద టెలిస్కోపులతో పాటు, తన పశువుల కొట్టం దీపానికి రేకు మూత వేసుకున్న ఒక రైతు కూడా ఉన్నాడు. వేధశాల వాళ్ళు జనం కోసం చేసిన మరో మంచి పని రేడియో. 1978 నుంచి ‘స్టార్‌డేట్’ అనే చిన్న కార్యక్రమం ఈ వేధశాల పేరు మీద అమెరికా అంతటా రోజూ వినిపిస్తోంది. ఈ రాత్రి ఏ చుక్క ఎక్కడుందో రెండు నిమిషాల్లో చెబుతారు.

తిరుగు ప్రయాణంలో నా మనసు హైదరాబాదు చుట్టూనే తిరిగింది. వేధశాలలు కట్టి ఆకాశాన్ని చూసే సంప్రదాయం మనకు లేదనడానికి వీల్లేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో విదేశాల నుంచి టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టాడు. ఆయన తదనంతరం అది నిజాం ప్రభుత్వానిదై బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని పటంగా గీసే అంతర్జాతీయ పనిలో తన వంతు నక్షత్రాలను లక్షల్లో నమోదు చేసింది. మెక్‌డొనాల్డ్ వీలునామా రాయకముందే మన గడ్డ మీద ఒక జఫర్ జంగ్ ఉన్నాడు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్‌లో ఉండగా 1949లో తోకచుక్కను కనిపెట్టి, తిరిగొచ్చి తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలకు పునాది వేశాడు. చిత్తూరు జిల్లా వాళ్ళకు కావలూరు దగ్గరే. సందర్శకులను రానిస్తారు, పిల్లల్ని తీసుకెళ్ళండి. నగరపు వెలుగుకు దూరంగా 1968లో రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పారు. ఆ తరువాత నగరం దాని వెంటే పెరుగుతూ వెళ్ళింది. 1985 నుంచి బిర్లా ప్లానెటేరియం ఉంది, పిల్లలు వెళ్తున్నారు, మంచిదే. కానీ గది కప్పు మీద చూసినదాన్ని ఆ రాత్రే ఆరుబయట కూడా చూపించినప్పుడే ఆ చదువు పూర్తవుతుంది.

ఇందుకు కొండల మీద పెద్ద గోపురాలు అక్కర్లేదు. పల్లెల్లో ఇంకా ఎంతో చీకటి మిగిలి ఉంది. నల్లమలలో, పాపికొండల్లో, అరకు దారిలో, ఊరి బయటి చెరువుగట్ల మీద ఉంది. గుళ్ళకు కమిటీలున్నాయి, ఉన్నత పాఠశాలలకు సైన్సు టీచర్లున్నారు. ఒక చిన్న టెలిస్కోపు ఖరీదు ఉత్సవంలో ఒక పూట విద్యుద్దీపాల అలంకరణ ఖర్చును మించదు. పంచాంగ శ్రవణం అయ్యాక గుడి ఆవరణలో దీపాలు ఒక గంట ఆర్పి, పంతులుగారూ సైన్సు టీచరూ పక్కపక్కన నిలబడి, ఒకరు చదివినదాన్ని ఇంకొకరు చూపించమని అడుగుతున్నాను. పంచాయతీ సర్పంచులకు నా మనవి ఒక్కటే: కొత్తగా వేసే ప్రతి వీధి దీపానికీ పైన మూత వేయించండి, వెలుగు నేల మీదే పడనివ్వండి. తల్లిదండ్రులకు ఇంకా చిన్న మాట. వచ్చే అమావాస్యకు పిల్లల్ని ఊరి వెలుగు దాటించి తీసుకెళ్ళండి. ఫోన్లు ఇంట్లో వదిలేయండి. అరగంట కళ్ళు అలవాటు పడనిచ్చి, ముందు వాళ్ళ జన్మనక్షత్రం ఎక్కడుందో వాళ్ళచేతే వెతికించండి.